మనవరాలి మందు, నా నాలుక

మా ఇంట్లో పసిబిడ్డ నోటికి పోయేది ఏదైనా ముందు ఇంటి పెద్ద నాలుక మీద పడాలి. అది అన్నప్రాశన పాయసం కావచ్చు, జ్వరానికి తెచ్చిన సిరప్పు కావచ్చు. మా తాత మా నాన్నకు అలా చేశాడు. మా నాన్న నాకు చేశాడు. నేను నా కూతురికి చేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎందుకని అడిగే అలవాటు మా వంశంలో లేదు.

దీనికి మూలం మామిడితోటలు. శ్రీనివాసపురం నుంచి రాయల్పాడు పోయే దారికి రెండు వైపులా ఒకప్పుడు మా తోటలే ఉండేవి. ఏటా కోతకు ముందు ఒక రోజున, చెట్టు మీద పండిన తొలి రసపూరి పండ్లను మా తోటవి ఒక బుట్టలో, చుట్టుపక్కల తోటలవి తలా ఒక బుట్టలో పోసి, పైన గోనెపట్టా కప్పేవారు. వ్యాపారులూ కూలీలూ చుట్టూ నిలబడేవారు. మా తాత కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. గోనె కింద చేయి పెట్టి ఒక పండు తీసి, కోసి, ముక్క ఆయన చేతికిస్తే, నాలుక మీద ఉంచుకుని ‘ఇది మాది’ అనో ‘ఇది కాదు’ అనో చెప్పేవాడు. ఆయన ‘ఊఁ’ అనేదాకా ఆ ఏటి పండు ఎవరూ నోట పెట్టకూడదు.

తోటలు పోయాయి. ఎలా పోయాయో చెప్పడం నాకు ఇష్టం లేదు. కోర్టు మెట్లు, పెళ్ళి పందిళ్ళు, మా నాన్న మొహమాటం కలిసి పోగొట్టాయనుకోండి. నాన్న కె.జి.ఎఫ్.కు వచ్చి బంగారు గనుల కంపెనీ స్టోర్సులో గుమాస్తాగా చేరాడు. తరవాత గనులు మూతపడేదాకా నేనూ అదే బల్ల ముందు కూర్చున్నాను. ఇద్దరమూ కుర్చీకి వీపు ఆనించకుండానే ఉద్యోగం చేశాం. వీపు ఆనించడం మా ఇంట్లో జబ్బుపడ్డవాళ్ళకే. ఇప్పుడు గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బలకు ఎదురుగా రెండు గదుల ఇల్లుంది, మామిడిపండ్లు కోసే పాత కత్తి ఒకటుంది, ఈ నాలుక ఉంది. వారసుడిగా నాకు మిగిలినవి ఇవి.

కూతురూ అల్లుడూ మాతోనే ఉంటారు. అల్లుడికి ఇక్కడికి దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టులు కనుక నేను చెప్పబోయే సంగతులు జరిగినంతసేపూ అతను నిద్రపోతూనే ఉన్నాడు. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, నాలుగేళ్ళది. మాట్లాడదు. పిలిస్తే తిరిగి చూడదు. బట్టల క్లిప్పులను రంగుల వారీగా గోడ పొడవునా పేరుస్తుంది. మనం ఒక్కదాన్ని వేలెడు పక్కకు జరిపితే వచ్చి సరిచేస్తుంది. పొద్దున మారికుప్పం నుంచి బండి కూత వినబడితే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తుంది. డాక్టర్లు ఆటిజం అన్నారు. మా ఇంట్లో అలాంటివి లేవని నేను చాలా రోజులు వాదించాను.

“లేకేమి? మీ చిన్నాయన పదేండ్లు గోడకు మొహం పెట్టుకోని అన్నం తిన్యాడు. మీరంతా దాన్ని మర్యాద అనుకుంటిరి,” అంది నా భార్య.

మా ఇంటి ఆడవాళ్ళు భర్తలను ‘మీరు’ అనేవారు. నా భార్య నంగలి ఊరి మనిషి. పెళ్ళైన మూడో రోజునే ‘నువ్వు’లోకి దిగింది, మళ్ళీ పైకెక్కలేదు.

పాపను బెంగళూరులో ఒక ఆసుపత్రిలో చూపిస్తున్నాం. అక్కడి డాక్టరమ్మ ఒక రోజు మమ్మల్ని కూర్చోబెట్టి, కన్నడం కలిసిన తెలుగులో ఒక సంగతి చెప్పింది. ఒళ్ళు నీరు పట్టిన పెద్దవాళ్ళకు ఎంతోకాలంగా ఇస్తున్న మందు ఒకటుంది. అది చిన్నపిల్లల్లో ఆటిజానికి ఏమైనా పనికొస్తుందా అని పరీక్షిస్తున్నారు. కొందరు పిల్లలకు ఆ మందు, కొందరికి అదే రంగూ అదే తీపీ ఉన్న ఉత్త సిరప్పు. ఎవరికి ఏది పోతోందో ఇంట్లోవాళ్ళకు తెలియదు, సీసా ఇచ్చే సిస్టరుకు తెలియదు, చివరికి తనకూ తెలియదు. ఆరు నెలలు అలా సాగాలి. ఆ మందు నీటితోపాటు ఒంట్లోని లవణాలను కూడా లాగేస్తుంది కనుక నెలనెలా రక్తం తీసి చూడాలి. పాప ఎలా ఉందో ఇంట్లో ఒకరు రోజూ నోటుబుక్కులో రాయాలి.

“ఇది పనిచేస్తుందా?” అని అడిగింది నా కూతురు.

“తెలియదమ్మా. తెలిస్తే పరీక్షే అక్కర్లేదు కదా.”

“మా ఇంటి బిడ్డ మీద పరీక్షలా?” అన్నాను నేను, వీపు మరింత నిలబెట్టి.

“నాయనా, నువ్వుండు,” అంది కూతురు. “రెండేండ్లుగా అందరూ తమకు అన్నీ తెలుసన్నట్టే నాకు చెప్తా ఉండారు. ఈ దేవరకు మొక్కు, ఆ తైలం పూయి, పాలు మాన్పించు అని. తెలీదు అని నా మొహాన చెప్పిన మొదటి మనిషి ఈమె. నేను సంతకం పెడతా.”

పెట్టింది. నేను కూడా మెత్తబడ్డాను. డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఒక్క ముక్క నాకు బాగా పట్టింది. ఏ సీసాలో ఏముందో ఎవరికీ తెలియదు! ఇది మా గోనె కింద బుట్టలే కదా! ఆ గదిలో ఆ పరీక్ష నాకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాలేదని అనుకున్నాను. మా తోటలో గోనె కప్పేది కనుక్కోవడం కోసం. ఇక్కడ కప్పింది ఎవరూ కనుక్కోకుండా ఉండడం కోసం. ఈ తేడా నా బుర్రకెక్కడానికి రెండు నెలలు పట్టింది.

సీసాలిచ్చే సిస్టరుకు ముప్పయ్యేళ్ళుంటాయి. మా ఊరూ పేరూ రాసుకుంటూ తలెత్తింది.

“శ్రీనివాసపురం రస్తాలో తోటలుండె, ఆ ఇంటోళ్ళా మీరు?”

“ఆ ఇంటివాళ్ళమే.”

“మాది రాయల్పాడు పెద్దాయనా. మా తాత మీ తోటలోనే కాయలు కోసేవాడు.”

ఎన్నేళ్ళకు విన్నాను ఆ మాట! ‘చెట్టెక్కేవాడా, గెడకర్రతో కోసేవాడా?’ అని మా తాత గొంతుతో అడిగాను. ‘రెండూనూ’ అని ఆమె నవ్వి, సీసాలూ, సూదిలేని చిన్న సిరంజీలు రెండూ కూతురి చేతికిచ్చింది. “ఈ గీతదాకా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. సీసాలు మాత్రం పారేయొద్దు అక్కా, ఖాళీవైనా తిరిగి తేవాల. మిగిలింది కొలుస్తాం.”

కొలుస్తామన్న మాటను నేను పట్టించుకోలేదు. నేను ఇంకా ఆ తాత గెడకర్ర దగ్గరే ఉన్నాను.

మర్నాడు పొద్దున వంటింట్లో పాపను గట్టు మీద కూర్చోబెట్టి, సీసా మూత నేనే తీశాను. అది నా పని. రెండు చుక్కలు నాలుక మీద వేసుకున్నాను. తీపి, నారింజ వాసన. తీపి అడుగున సన్నటి చేదు. నా భార్యకు కాళ్ళవాపుకు నీటి మాత్ర ఇస్తారు. దాని పెట్టె అటక మీద ఉంటే ఒక మాత్ర తీసి అంచు నాకి చూశాను. కళ్ళు మూసుకుని మళ్ళీ సిరప్పు రెండు చుక్కలు వేసుకున్నాను. అనుమానం లేదు.

“అసలు మందే,” అని ప్రకటించాను.

“నా మాత్ర నాకి పెట్టినావా?” అంది భార్య. “నేను అదే మింగల్లా ఇంగ?”

కూతురు మాత్రం ఒక్క క్షణం నా మొహం చూసింది. చిన్నప్పుడు సంతలో ఏ పండు ఏ ఊరిదో నేను చెబుతుంటే నోరు తెరుచుకుని విన్న పిల్ల. ‘నిజంగానా నాయనా?’ అంది. నేను ‘ఊఁ’ అన్నాను. అంతటితో ఆ ఇంట్లో సంగతి తేలిపోయింది.

ఆ రోజు నుంచి నోటుబుక్కు పండగ చేసుకుంది. ‘ఈరోజు నన్ను చూసి నవ్వింది.’ ‘ఈరోజు రెండుసార్లు కళ్ళల్లోకి చూసింది.’ ‘పిలిస్తే ఆగినట్టు అనిపించింది.’ కూతురు రాసి పైకి చదివేది, నేను తల ఊపేవాణ్ణి.

“నిన్ను చూసి కాదమ్మా, నీ వెనకాల గోడ మీద బల్లిని చూసి నవ్వింది. నేను ఈడే ఉండాను కదా,” అనేది భార్య.

“నువ్వు ఎప్పుడూ ఇంతేలేమ్మా.”

మొదటి రోజు రుచి చూసిన సంగతి అందరికీ తెలుసు. ప్రతిపూటా చూస్తున్నానని ఎవరికీ తెలియదు. నిన్నటి పండు రుచి చూశామని ఇవాళటి పండును వదిలేస్తామా? సిరంజిలోకి పాప మందు గీతదాకా తీసేముందు, సీసాలోంచి రెండు చుక్కలు నాలుక మీద పడేవి, ఒక్కో పూట నాలుగు. నేను ‘ఊఁ’ అనేవాణ్ణి, తరవాత కూతురు వచ్చి గీత చూసుకుని వేస్తే పాప నోరు తెరిచేది. రుచి చూసేది భార్య దేవుడి దగ్గర, కూతురు స్నానాల గదిలో ఉండే వేళ. చూసేది గట్టు మీద కూర్చున్న పాప ఒక్కతే. పాప చూస్తోందని కూడా నాకు తెలియదు.

నెల తిరిగాక నలుగురం పొద్దుటి బండెక్కి బెంగళూరు పోయాం. రోజూ పనికిపోయే జనం పేకాట మధ్యలో జరిగి పాపకు కిటికీ ఇచ్చారు. ఆసుపత్రిలో సిస్టరు సీసా కొలిచి, మళ్ళీ కొలిచి, “కొంచెం తక్కువుండాదే. ఒలికిందా అక్కా?” అంది. “ఏమో, ఒకటి రెండు దినాలు పాప చేత్తో తోసింది,” అంది కూతురు. సిస్టరు ‘ఒలికింది’ అని రాసుకుంది. నేను గోడ మీద పళ్ళు తోముకునే పద్ధతి చూపించే బొమ్మను శ్రద్ధగా చదివాను. అబద్ధమాడలేదు అనుకున్నాను. మా ఇంట్లో అబద్ధమాడరు. అవసరమైనప్పుడు బొమ్మలు చదువుతారు.

రెండో నెల కూడా తగ్గింది. ఈసారి సిస్టరు ఏమీ రాసుకోలేదు. లేచి వెళ్ళి డాక్టరమ్మను తీసుకొచ్చింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూతురి ముందు కూర్చుంది. “అమ్మా, తప్పు పట్టడం లేదు. ఆశకొద్దీ ఒక్కోసారి తల్లులు రెండు చుక్కలు ఎక్కువ వేస్తారు. మీరేమైనా...”

“లేదు డాక్టర్. గీత దాటలేదు.”

“రెండు నెలలూ సీసా తగ్గింది. పాప ఒంట్లోకి ఎక్కువ పోయి ఉంటే ప్రమాదం. అది తేలేదాకా మందు ఆపాలి, వారం వారం వచ్చి రక్తం ఇవ్వాలి. కారణం తెలియకపోతే పాపను ట్రయల్లోంచి తీసేయాల్సి వస్తుంది.”

రక్తం తీయాలంటే పాపను నలుగురు పట్టుకోవాలి. ఎవరైనా ముట్టుకుంటేనే ఓర్చుకోలేని బిడ్డ. కూతురు నోటుబుక్కును రెండు చేతులా పొట్టకు అదుముకుని, ‘నేను ఎక్కువ వేయలేదు’ అని మళ్ళీ అంది. ఆ గదిలో ఆమె మాట నమ్మినట్టు ఎవరూ కనిపించలేదు. ఆమె నిజమే చెబుతోందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

లేచి నిలబడ్డాను. మా తోటలో కాయలు కోసిన మనిషి మనవరాలి ముందు ఆ మాట అనడానికి నేను మింగిన గుటక, ఈ రెండు నెలల్లో నేను మింగిన మందు కన్నా పెద్దది.

“ఆ కొరత నాది,” అన్నాను. “తగ్గినదంతా నేను తాగినాను. పాప మందు ఒక్క చుక్క కూడా అటూ ఇటూ కాలేదు. నా కూతురు గీత దాటలేదు.”

“తాగినావా?” నా భార్య పాపను ఒళ్ళో సర్దుకుంది. “పసిబిడ్డ మందు? అయ్యో, నెలనెలా బండెక్కించి తెచ్చుకునింది నీకా?”

“రుచి చూసినాను. పూటపూటా.”

సిస్టరు రిజిస్టరును మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను.

“నాకు పోయిన నెలే అనుమానం వచ్చింది పెద్దాయనా,” అంది చివరికి, కళ్ళు తుడుచుకుని. “మీ ఇంట్లో పెద్దాయన నాలిక తగలందే కాకి గూడా కాయ ముట్టదని మా తాత చెప్పేవాడు. ఇంగో కథ గూడా చెప్పేవాడు. చెప్పనా?”

“చెప్పు.”

“ఒక ఏడు కూలోళ్ళంతా చేరి మీ బుట్ట కాయలు తీసేసి వేరే పండ్లు పోసి గోనె కప్పినారంట. మీ పెద్దాయన కండ్లు మూసుకోని తిని, ‘ఇది మాది, ఈ తీపి ఇంగెవురికీ రాదు’ అన్యాడంట. అందరూ తలగుడ్డలు నోట్లో కుక్కుకోని నవ్వినారంట.”

అడగకుండా ఉండాల్సింది. ఉండలేకపోయాను. “ఏ తోట పండ్లు అవి?”

“తోట యాడిది పెద్దాయనా! మా తాత గుడిసె ఎనక ఒక చెట్టుండె. దానివి.”

నేను కూర్చున్నాను. కుర్చీకి వీపు ఆనింది. ఎప్పుడు ఆనిందో నాకు తెలియదు.

“ఏమయ్యా,” అంది భార్య, ఈసారి నిజంగానే భయపడి, “ఒంట్లో బాగుండాదా?”

అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. తరవాత ఆమె నవ్వు ఆపి ఒక ప్రశ్న అడిగింది. “రుచి చూసి ఇంట్లో ఏమైనా చెప్పారా తాతగారూ?”

“అసలు మందే అని చెప్పినాను.”

ఆమె కూతురి చేతిలోని నోటుబుక్కు అందుకుని నాలుగు పేజీలు తిప్పింది. సీసా సంగతి కన్నా ఇది పెద్ద చిక్కన్నట్టు ముఖం పెట్టింది. “అసలు మందు పోతోందని అనుకుని చూస్తే, పాప ఎవరిని చూసి నవ్వినా మనల్ని చూసి నవ్వినట్టే ఉంటుందమ్మా.”

“బల్లిని చూసి,” అంది నా భార్య. “నేను ఆ దినమే చెప్పినా.”

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. “మీరు ఆయన చెప్పింది నమ్మలేదా?”

“పెండ్లైనకాడి నుంచి నమ్మలేదమ్మా.”

“మీకు రాయడం వచ్చా?”

“ఏడో తరగతి. దస్తూరి బాగుంటాదని అయ్యవారు చెప్పినారు.”

నా సంసారంలో నా మాట నమ్మకపోవడం ఒక అర్హత అవుతుందని నేనెన్నడూ అనుకోలేదు. ఇకమీదట నోటుబుక్కు ఆవిడ రాయాలి. సీసా కూతురు ముట్టాలి. నేను ముట్టకూడదు. ఎంత రుచి చూశానో, ఏమని చెప్పానో, నిజానికి అందులో ఏముందో నాకు తెలియదనీ నా చేత్తో రాసి సంతకం పెట్టాలి. పాపను ట్రయల్లో ఉంచుకోవడమా మానడమా అన్నది పైవాళ్ళను అడిగి చెబుతారు. ‘నాకు తెలియదు’ అని రాసి కింద వంశం పేరుతో సహా సంతకం పెట్టాను. దస్తూరి వంకర పోలేదు.

తిరుగుబండిలో బంగారుపేట దాటేదాకా కూతురు నోటుబుక్కులో తను రాసిందంతా మళ్ళీ చదువుకుంది. తరవాత అంది, “నిజంగా తెలీదా నాయనా నీకు? అసలుదో కాదో?”

“తెలీదు.”

“చేదు తగిలిందంటివే.”

“మీ అమ్మ మాత్ర నాకినాక ఏది నాకినా చేదే కదమ్మా.”

ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వింది. “తెలీదు అని నీ నోట ఇన్నేండ్లకు విన్యా,” అంది. మరి కాస్సేపటికి, “నా మాట ఎవురూ నమ్మలేదు ఆడ. నువ్వు లేస్తివి కాబట్టి సరిపోయింది,” అంది.

మూడు రోజులకు ఫోన్ వచ్చింది. రక్తం బాగానే ఉంది, పాపను ఉంచుకుంటున్నారు. ఇక చుక్క తేడా రాకూడదు, పూట తప్పకూడదు.

మర్నాటి పొద్దున కూతురు సిరంజి నింపి గట్టు దగ్గరికి వెళ్ళింది. నేను ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాను. పాప నోరు తెరవలేదు. పళ్ళు గట్టిగా కరిచిపట్టింది. బెల్లం చూపించినా లేదు. సాయంత్రమూ అంతే. రెండో రోజూ అంతే. నా భార్య గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘నోరు తెరవలేదు. మందు పోలేదు.’ ఇలాగే ఉంటే పాపను తీసేస్తారని మూడో రోజు పొద్దున కూతురు సిస్టరుకు ఫోన్ చేసింది.

“ఇంట్లో ఏమైనా మార్చినారా అక్కా? ఈ పిల్లోళ్ళకు వరస మారితే పడదు,” అంది సిస్టరు.

“ఏమీ మార్చలేదే. సిరంజి నాయన బదులు నేను నింపుతా ఉండా...”

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే పాప ముందుగదిలోకి వచ్చింది. నా చూపుడువేలు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. ఏదైనా కావాలంటే మన చేయి పట్టి లాగడం పాపకు అలవాటే. గట్టెక్కి తన చోట కూర్చుంది. తల్లి మందు నింపి పెట్టిన సిరంజి తీసి నా కింది పెదవికి ఆనించింది. ఆనించి, నా మొహంలోకి చూసింది. నోటి వైపు చూసింది, మళ్ళీ కళ్ళలోకి చూసింది. ఎదురుచూస్తోంది.

నేను రాసిచ్చిన మనిషిని. పెదవులు బిగించి నిలబడ్డాను.

“నోరు తెరవద్దు నాయనా!” అని కూతురు అరిచింది.

పాప రెండో చేయి చాచి, వేలు నా పెదవుల మధ్య దూర్చి, నోరు తెరవడానికి చూసింది.

“నీళ్ళు తే, రెండో సిరంజిలో!” అంది నా భార్య. అప్పటికే నోటుబుక్కు చేతిలో ఉంది.

ఫోన్లో సిస్టరు అంతా వింటోంది. “నీళ్ళు ఎన్నైనా తాగండి పెద్దాయనా, మందు మాత్రం పాపకే!” అని అరిచింది.

కూతురు నా నాలుక మీద రెండు చుక్కల నీళ్ళు వేసింది. నేను కళ్ళు మూసుకుని, రుచి చూసి, ‘ఊఁ’ అన్నాను. కళ్ళు తెరిచేసరికి పాప నోరు తెరుచుకుని ఉంది. మందు పోయింది.

ఆ పూట నా భార్య రాసింది ఇది: ‘ఉదయం. బిడ్డ తాత మొహం చూసింది. మూడుసార్లు. తాత నోరు తెరవలేదు. బిడ్డ తెరిపించాలని చూసింది. తాతకు నీళ్ళు. బిడ్డకు మందు, గీతదాకా.’ ఇంకేమైనా రాయమన్నాను, ఇంత పెద్ద సంగతికి. ‘జరిగింది రాసినా. ఇంగ నువ్వు పక్కకుపో,’ అంది.

ఇప్పుడు అయిదో నెల నడుస్తోంది. రోజుకు రెండుసార్లు రెండు చుక్కల నీళ్ళు రుచి చూస్తున్నాను. సీసాలో చుక్క తేడా రావడం లేదు. పాపకు పోయేది మందో ఉత్త సిరప్పో తెలియదు. గోనె ఇంకా తీయలేదు. తీసినా, ఈ ఒక్క బిడ్డను బట్టి ఏమీ చెప్పలేమనీ, అందరి పిల్లలవీ కలిపి చూస్తేనే ఏదైనా తేలుతుందనీ డాక్టరమ్మ ముందే చెప్పింది.

పోయినసారి వెళ్ళినప్పుడు సిస్టరు సీసా కొలిచి, ‘సరిగ్గా ఉండాది’ అని, బల్ల కింద నుంచి ఒక సంచి తీసింది. రసపూరి పండ్లు. “మా తాత చెట్టువి పెద్దాయనా. ఈసారి గోనె కప్పలేదు,” అంది.

ఇంటికి తెచ్చి, పాత కత్తితో ఒకటి కోశాను. పాప గట్టు మీద తన చోట కూర్చుంది. ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. కళ్ళు మూసుకోలేదు. చాలా మంచి పండు. నా చిన్నప్పుడు తోటలో తిన్నదానికీ దీనికీ తేడా నాకు తెలియలేదు. దాన్ని నాలుక మీదే ఉంచుకుని మా తాత సంగతి ఆలోచిస్తూ కాస్త ఆలస్యం చేశాను.

ఆ రోజు నోటుబుక్కులో నా భార్య దస్తూరితో ఇలా ఉంది:

‘సాయంత్రం. మామిడిపండు. తాత నోట్లో పెట్టుకోని ఊరకే ఉన్నాడు. తాత అనకముందే బిడ్డ ఊఁ అనింది. ఒక్కసారి. గోడలు నాలుగూ చూసినాను. బల్లి లేదు.’